సన్మానితుడికి మైకు ఇవ్వరాదు

సన్మాన సభలో సన్మానం పొందే పెద్దమనిషి చేతికి మైకు ఇవ్వకూడదు. ఇస్తే సభ పాడవుతుంది. ఇది నా గట్టి అభిప్రాయం. వీలైతే ప్రతి తెలుగు సంఘమూ తన నిబంధనావళిలో మొదటి నియమంగా రాసుకోవలసిన మాట!

అప్పుడే కోప్పడకండి. నేను పెద్ద చదువులు చదివినవాణ్ని కాను. ఎలాగో బి.కాం. గట్టెక్కి, నోయిడాలో ఒక ఫ్యాక్టరీ స్టోర్సులో పాతికేళ్లుగా నట్లూ బోల్టులూ సర్దుకుంటున్న సంసారిని. పేరు రాజగోపాల్. పొద్దున్నే స్నానం చేసి, దీపం పెట్టి, స్వామి వెయ్యి నామాలూ చదివితే గానీ మెట్రో ఎక్కను. నాకు తెలిసిన శాస్త్రమల్లా ఆ పూజ ఒక్కటే. దాని ప్రకారమే చెబుతున్నాను.

పూజలో మనం ఏం చేస్తాం? స్వామిని రమ్మంటాం. ఆసనం వేస్తాం. కాళ్లకు నీళ్లిస్తాం. వస్త్రం కప్పుతాం. పూలు పెడతాం. నైవేద్యం చూపించి మనమే తింటాం. చివర హారతిచ్చి, గంట కొట్టి లేస్తాం. పదహారు ఉపచారాల్లో ఎక్కడైనా 'ఇప్పుడు స్వామివారు రెండు మాటలు మాట్లాడతారు' అని ఉందా? లేదు!

సన్మానమూ అంతే. వేదిక మీదకు ఆహ్వానం, ఎత్తు వీపు కుర్చీ, మూత తీయని నీళ్ల సీసా, శాలువా, గాజీపూర్ మండీ నుంచి తెచ్చిన బంతిపూల దండ, జీడిపప్పు ప్లేటు. ఆ జీడిపప్పు చివరికి ఎవరు తింటారో మీకు తెలుసు. హారతికి బదులు ఫోన్ల వెలుగు. ఇంత శాస్త్రోక్తంగా జరుగుతున్న కార్యక్రమం మధ్యలో దేవుడు లేచి మైకు అందుకుంటే ఏమన్నా బాగుంటుందా?

మూడేళ్ల కిందట ఒకసారి అలాగే జరిగింది. మా 'యమునా తీర తెలుగు మిత్రమండలి' ఒక గాయనిని సన్మానించింది. ఆవిడ పాడిన ఒక పాట గురించి మా అధ్యక్షులు జనార్దనరావుగారు కళ్లు తుడుచుకుంటూ ఇరవై నిమిషాలు మాట్లాడారు. తర్వాత ఎవరో తెలియక ఆవిడకు మైకు ఇచ్చేశారు. ఆవిడ లేచి, "ఆ పాట నేను పాడలేదండీ" అన్నారు. ఏం వచ్చింది చెప్పండి, ఆ ఒక్క మాట వల్ల? జనార్దనరావుగారి ఇరవై నిమిషాల భక్తిని ఏ యమునలో కలపాలి?

అప్పటి నుంచి మేం జాగ్రత్త పడ్డాం. అతిథి మాట్లాడడానికి వీలు లేకుండా వక్తల సంఖ్య పెంచాం.

దీనివల్ల ఎన్ని లాభాలు! ఒకాయన్ని పరిచయం చేస్తుండగానే వెనక వరుసలో రెండు పెళ్లి సంబంధాలు కుదిరాయి. ముఖర్జీ నగర్ నుంచి వచ్చిన సివిల్స్ కుర్రాళ్లు పది రోజుల నిద్ర తీర్చుకుని, లేచి భోజనం చేసి వెళ్లారు. పరిచయం మొదలైనప్పుడు సర్వీసులో ఉన్న ఒక పెద్ద అధికారి, అది పూర్తయ్యేసరికి రిటైరయ్యారంటే మీరు నమ్మరు. నమ్మకండి. కానీ ఆయన కారు డ్రైవరు డ్యూటీ దిగి వెళ్లిపోవడం మాత్రం నేను కళ్లారా చూశాను.

పైగా ఇప్పుడు పరిచయం ఎంత సులువైపోయింది! పూర్వం ఒకరి గురించి మాట్లాడాలంటే ఆయన్ని కలవాలి, అడగాలి, ఆయన చెప్పింది వినాలి. ఆ బాధ తప్పింది. ప్రతి ప్రముఖుడికీ ఫోనులో ఒక పేజీ ఉంటుంది. పుట్టుక నుంచి పురస్కారాల దాకా అన్నీ అందులోనే. మనిషికి జలుబు చేస్తుంది, విమానం ఆలస్యమవుతుంది, మతిమరుపు వస్తుంది. పేజీకి అవేవీ లేవు. మరి ఇద్దరిలో ఎవర్ని నమ్మాలి?

ఇంత ఉపోద్ఘాతం ఎందుకంటే, మొన్న ఫిబ్రవరిలో మా మిత్రమండలి నటుడు, దర్శకుడు సదాశివరావుగారిని సన్మానించింది.

ఆయనకు డెబ్బై అయిదేళ్లు నిండాయి. ఏదో జ్యూరీ పని మీద ఢిల్లీ వస్తున్నారని తెలిసి జనార్దనరావుగారు ఒక ఆదివారం పూట పట్టేశారు. సాకేత్‌లో ఒక స్కూలు ఆడిటోరియం, పొద్దున్న పది నుంచి ఒంటి గంట దాకా. ఒంటి గంటకు హాలు వదిలి తీరాలి. తర్వాత అక్కడ ఎవరిదో నిశ్చితార్థం.

సదాశివరావుగారు వందకు పైగా సినిమాల్లో వేశారు. పదకొండింటికి దర్శకత్వం వహించారు. అయినా మీరు ఏ తెలుగువాణ్ని కదిపినా ఒక్క సీనే చెబుతాడు. ఆయన మొట్టమొదట తీసిన సినిమాలోది. ఉద్యోగం పోయిన కొడుకు ఇంటికొచ్చి పీట మీద కూర్చుంటాడు. తల్లి వడ్డిస్తుంది. రెండో ముద్దకి వాడి కళ్లు కారిపోతాయి. తల్లి ఒక్క మాట అనదు. అటు తిరిగి నిలబడి, దేవుడి గూట్లోంచి దీపపు కుంది తీసి చెంగుతో తుడుస్తుంది. అప్పటికే మెరుస్తున్న కుందిని వాడి ఏడుపు పూర్తయ్యేదాకా తుడుస్తూనే ఉంటుంది. తండ్రి గుమ్మంలోకి వచ్చి, వాడి కళ్లేమిటి అలా ఉన్నాయని అడుగుతాడు. తల్లి వెనక్కి తిరక్కుండానే అంటుంది: "ఆవ ఘాటు."

అంతే సీను. హాల్లో అందరూ ఏడ్చారు. ఎందుకు ఏడుస్తున్నావని అడిగితే అందరూ ఆవ ఘాటనే అన్నారు.

ఈ సీను మీద జపాను సినిమాల ప్రభావం స్పష్టంగా ఉందని పేజీలో రాసి ఉంది.

మా అత్తయ్యగారు నాగేంద్రమ్మ మాత్రం, "జపాను కాదు, రామచంద్రపురం" అంటారు.

ఆవిడ కథ ఇది. యాభై ఏళ్ల కిందట రామచంద్రపురంలో నాటకాల పోటీలు జరిగాయి. పై ఊళ్ల నుంచి వచ్చిన నటులకు ఊళ్లో ఇళ్లలోనే విడిది, భోజనాలు. అత్తయ్యగారి అత్తవారింటికి ఇద్దరు వచ్చారు. అందులో ఒకరు సదాశివరావుగారు, అప్పటికి ఎవరికీ తెలియని కుర్రాడు. అత్తయ్యగారు కొత్త కోడలు. బహుమతులు ప్రకటించిన రోజు ఆ కుర్రాడికి ఏదీ రాలేదు. భోజనానికి కూర్చుని, కంద బచ్చలి కూర కలుపుకుంటూ ఏడ్చేశాడు. అత్తయ్యగారు అటు తిరిగి గూట్లో కుందిని తుడుస్తూ నిలబడ్డారు. అంతలో ఆవిడ అత్తగారు వచ్చి ఏమైందని అడిగితే, కూరలో ఆవ ఘాటని చెప్పారు. ఆ ఇంట్లో ఆవిడ ఆడిన మొదటి అబద్ధం అదేనట.

పెళ్లయిన కొత్తలో మా ఆవిడ ఉమ ఈ కథ చెబితే నేను నవ్వాను. తర్వాత ఫోన్లలో పేజీలు వచ్చాక వెతికి చూశాను కూడా. రామచంద్రపురం లేదు. పేజీలో లేనిది జరిగిందని ఎలా అనుకుంటాం?

అత్తయ్యగారు ఇప్పుడు మా దగ్గరే, వసుంధరలో ఉంటున్నారు. డెబ్బై నాలుగేళ్లు. సదాశివరావుగారు వస్తున్నారని తెలిసిన రోజు నుంచి ఆవిడది ఒకటే కోరిక. ఆయన్ని ఒక్క ప్రశ్న అడగాలి: "బాబూ, ఆ ఆవ మా ఇంటిది కాదూ?"

"గొప్పకి కాదండీ అల్లుడుగారూ," అన్నారు. "ఎవరికీ చెప్పక్కర్లేదు. నాకు తెలిస్తే చాలు."

కార్డులో పన్నెండున్నరకు 'అతిథి స్పందన, ప్రశ్నోత్తరాలు' అని అచ్చు వేశాం. మొదటి ప్రశ్న మీదే, మైకు నేనే తెచ్చి మీ చేతికిస్తానని ఆవిడకు మాటిచ్చాను.

ఆ ఆదివారం ఆవిడ గంజి పెట్టిన వెంకటగిరి చీర కట్టుకున్నారు. సాకేత్ దాకా క్యాబులో ఆ ఒక్క వాక్యాన్నీ పెదవుల్లోనే చదువుకుంటూ కూర్చున్నారు. కాలేజీలో చదువుతున్న మా అమ్మాయి హాసిని, "అమ్మమ్మా, టెన్షన్ మత్ లో. ఏక్ హీ తో క్వశ్చన్ హై!" అంది, ఒక్క ప్రశ్నకే అంత కంగారెందుకన్నట్టు.

"నీ హిందీ సంగతి తర్వాత చూద్దాం. మైకు నోటికి ఎంత దూరంలో పట్టుకోవాలో అది చెప్పవే," అన్నారు ఆవిడ.

సభ మొదలైంది. ఏడుగురు వక్తలం. ఏడు ఫోన్లు. పేజీ ఒక్కటే.

మొదట జనార్దనరావుగారు లేచి, సదాశివరావుగారు గోదావరి జిల్లాలో ఒక రైసుమిల్లు గుమాస్తా ఇంట పుట్టారని చెప్పారు. తర్వాత కనకయ్యగారు. ఆయన ముఖర్జీ నగర్‌లో కోచింగ్ చెబుతారు. "రాసుకోండి. పాయింట్ నంబర్ వన్, జననం," అన్నారు. ముందు వరుసలో ముగ్గురు కుర్రాళ్లు నిజంగానే పెన్నులు తీశారు. మూడో వక్త సందీప్, గురుగ్రామ్‌లో సాఫ్ట్‌వేర్ మేనేజరు. ఆయన నలభై స్లైడ్లు తెచ్చారు. ల్యాప్‌టాప్ తెరకు కలవలేదు. అయినా ఆయన వెనుకాడలేదు. "ఇక్కడ మీకు ఒక ఫోటో కనిపించాలి. చాలా బాగుంటుంది. నెక్స్ట్ స్లైడ్," అంటూ నలభై స్లైడ్లూ నోటితోనే చూపించారు.

సదాశివరావుగారి తొలి వేషం శవం. పాడె మీద ఎనిమిది గంటలు కదలకుండా పడుకున్నారని పేజీలో ఉంది. రెండో వక్త దాన్ని పది గంటలు చేశారు. మూడో వక్త పన్నెండన్నారు. నాలుగో ఆయన వచ్చేసరికి ఆ శవం ఇక లేచే ఆశ లేకుండా పోయింది! ఆనాటి శిక్షణ ఆయనకు మా వేదిక మీద ఎంత పనికొచ్చిందో నేను చెప్పలేను. రెండు గంటలు రెప్ప కదలకుండా కూర్చున్నారు.

అందరూ మళ్లీ పుట్టుక దగ్గర నుంచే మొదలుపెట్టారు. భగవంతుడికి పది అవతారాలు ఎత్తడానికి యుగాలు పట్టింది. మా మిత్రమండలి ఒక మనిషి చేత ఒక్క పూటలో ఏడు జన్మలు ఎత్తించింది. ఎవరు గొప్ప?

జపాను దగ్గరకు వచ్చేసరికి సందీప్ ఒక కొత్త సంగతి కలిపారు. "జపాన్‌లో కూడా ఆవలాంటి ఒక ఘాటు ముద్ద తింటారండీ. ఆన్‌సైట్ వెళ్లినప్పుడు నేను తిన్నాను. కళ్లల్లో నీళ్లొచ్చాయి. సో, కనెక్షన్ క్లియర్!" హాలు చప్పట్లతో మోగిపోయింది.

అప్పుడు సదాశివరావుగారు వేలెత్తారు.

జనార్దనరావుగారు వెంటనే ఇంకో నీళ్ల సీసా అందించారు. అయిదో వక్త జపాను అన్నప్పుడు ఆయన మళ్లీ వేలెత్తారు. ఏసీ తగ్గించారు. ఆరో వక్త జపాను అనగానే మూడోసారి ఎత్తారు. ఈసారి జనార్దనరావుగారికి విషయం అర్థమైపోయింది. చిన్నప్పుడు బళ్లో మనమంతా వేలెత్తినవాళ్లమేగా! కనకయ్యగారి చెవిలో, "పాపం, పెద్దాయన. సార్‌ని ఒక్కసారి అటు తీసుకెళ్లండి," అన్నారు. కనకయ్యగారు చెయ్యి పట్టుకుని లేవదీశారు. యాభై ఏళ్లుగా కెమెరా ముందు ఇటు నడు, అటు తిరుగు అంటే విన్న నటుడు. సదాశివరావుగారు నోరు విప్పకుండా బాత్‌రూమ్ వైపు నడిచారు.

కుర్చీ ఖాళీగా ఉంటే బాగుండదు కదా? అప్పటికే దాని మీద ఆరు శాలువాలు ఉన్నాయి. జనార్దనరావుగారు మూడడుగుల సన్మాన పత్రాన్ని, అందులో ఆయన నవ్వుతున్న పెద్ద ఫోటో ఉంది, కుర్చీలో నిలబెట్టి, దండ వేసి, పడిపోకుండా శాలువాలు చుట్టారు. వెనక వరుసల్లోంచి చూస్తే ఏమీ తేడా లేదు. ఇంకాస్త కళగా కూడా ఉన్నారు.

ఏడో వక్తను నేను. అయిదు నిమిషాలు ఇచ్చారు.

వేదిక ఎక్కే ముందు మా వరుస వైపు చూశాను. అత్తయ్యగారు లేరు. "ఏసీ చలికి మోకాళ్లు పట్టేశాయట. వరండాలో ఎండకి కూర్చుంది. ప్రశ్నల టైముకి పిలవమంది. మీరు త్వరగా ముగించండి," అంది ఉమ.

ముగించాలనే ఎక్కాను. కానీ మైకు పట్టుకున్నాక మనిషికి ఏమవుతుందో పట్టుకున్నవాడికే తెలుసు! సదాశివరావుగారిని ఏడోసారి పుట్టించాను. మద్రాసు రైలెక్కించాను. శవాన్ని చేశాను. జపాను వచ్చింది. ఒక్క క్షణం ఆగాను. అది రామచంద్రపురం కావచ్చునని మా ఏడుగురిలో తెలిసినవాడిని నేనొక్కడినే. అయినా ఆ మాట నోటికి రాలేదు. జపాను అంటే హాలు చప్పట్లు కొడుతుంది. రామచంద్రపురం అంటే 'ఎవరు చెప్పారు?' అంటుంది. 'మా అత్తగారు' అనాలి.

కుర్చీ వైపు తిరిగి చేతులు జోడించాను. "ఈ క్షణాన మీ కళ్లల్లో జపాను కదలాడుతున్నది మహానుభావా!" అన్నాను. ఫోటో నవ్వింది. హాలు మోగింది. ఉమ మొదట చేతి గడియారం చూపించింది, తర్వాత అరచెయ్యి చూపించింది, తర్వాత మొహం తిప్పుకుంది.

పద్దెనిమిది నిమిషాలు మాట్లాడాను.

నేను 'సెలవు' అనేసరికి హాలు కాపలాదారు వేదిక పక్కకు వచ్చి నిలబడి ఉన్నాడు. "సర్‌జీ, ఏక్ బజే లైట్ బంద్. సగాయీ వాలే బాహర్ ఖడే హైఁ," అన్నాడు. నిశ్చితార్థం వాళ్లు బయట కాచుకుని ఉన్నారట. "అచ్ఛా భయ్యా, బస్ దో మినట్," అని జనార్దనరావుగారు అతని చేతిలో జీడిపప్పు పెట్టారు. అతను తిన్నాడు గానీ కరగలేదు. కనకయ్యగారు సదాశివరావుగారిని పరుగున తీసుకొచ్చారు. ఎవరో ఆయన చేతిలో మైకు పెట్టారు.

"నమస్కారం," అన్నారాయన.

లైట్లు పోయాయి. మైకు పోయింది.

చీకట్లోనే చప్పట్లు. చీకట్లోనే వందన సమర్పణ. ఇంత క్లుప్తంగా, ఇంత నిండుగా మాట్లాడిన అతిథిని తమ జీవితంలో చూడలేదని జనార్దనరావుగారు గొంతెత్తి చెప్పారు. మూడున్నరకు ఫ్లైటు. ఆయన్నీ, పత్రాన్నీ, ఆరు శాలువాలనూ కారులో సర్ది పంపించేశాం.

బయట పచ్చికలో భోజనాలు. లక్ష్మీ నగర్ మెస్సు నుంచి తెప్పించిన పులిహోర, గుత్తి వంకాయ. ప్లేటు పట్టుకుని వరసలో నిలబడగానే ఉమ అందుకుంది. "ఏవండీ, మీ స్టోర్సులో అయిదంటే పద్దెనిమిదా?"

కుర్చీలో కూర్చుని నెమ్మదిగా పులిహోర తింటున్న అత్తయ్యగారి దగ్గరకు వెళ్లాను. "తప్పయిపోయింది అత్తయ్యగారూ. మీ ప్రశ్న మిగిలిపోయింది," అన్నాను.

"మిగల్లేదండీ. అడిగేశాను," అన్నారు.

"ఎక్కడమ్మా? ఎప్పుడు?" ఉమ ప్లేటు పక్కన పెట్టేసింది.

"వరండాలో బెంచీ మీద ఎండకి కూర్చున్నానా, ఆయన ఆ గదిలోంచి చేతులు తుడుచుకుంటూ వచ్చారు. కనకయ్యగారు అప్పటికే వంకాయ చూసుకోవడానికి వెళ్లిపోయారు. ఎటు వెళ్లాలో తెలీక ఈయన నిలబడిపోయారు. 'కూర్చోండి బాబూ, లోపల మీరింకా మద్రాసు చేరలేదు,' అన్నాను. నవ్వి కూర్చున్నారు. స్పీకర్లో అల్లుడుగారి గొంతు వినపడుతూనే ఉంది."

"అడిగావా మరి?"

"అడిగానే. 'అది జపాను కాదమ్మా. నేను జపాను సినిమా చూసిందే ఎనిమిదేళ్ల తర్వాత. ఆ మాట చెబుదామనే పొద్దున్నుంచీ వేలెత్తుతుంటే నీళ్ల సీసాలిస్తున్నారు,' అన్నారు. 'మరి ఎక్కడిది బాబూ?' అన్నాను. 'అదే గుర్తు రావడం లేదమ్మా. నా కథ ఇంతమంది ఇన్నిసార్లు చెప్పగా విని విని, అందులో నాదేదో నాకే ఆనవాలు దొరకడం లేదు,' అన్నారు."

నా చేతిలో పులిహోర చేతిలోనే ఉండిపోయింది.

"రామచంద్రపురం అన్నాను. ఊహూఁ. మా మామగారి పేరు చెప్పాను. వీధరుగు చెప్పాను. నాటకాల పోటీలు చెప్పాను. మొహం ఖాళీగా పెట్టుకుని చూశారు. అప్పుడు 'కంద బచ్చలి' అన్నాను."

"అప్పుడు?"

"'అందులో ఆవ ఎక్కువైంది,' అన్నారు! చూడవే, యాభై ఏళ్ల తర్వాత వచ్చి నా కూరకి వంక పెట్టాడు!" అత్తయ్యగారి మొహం వెలిగిపోతోంది. "'ఎక్కువవలేదు బాబూ. మీరు ఏడ్చారు. నేను ఆవ మీదకి తోశాను,' అన్నాను. కళ్లజోడు తీశారు. నేను అటు తిరిగి కూర్చున్నాను. తుడవడానికి కుంది లేదుగా, బెంచీ తుడిచాను."

ఉమ ముక్కు ఎగబీల్చింది. గుత్తి వంకాయలో కారం ఎక్కువైందేమో.

"కాసేపయ్యాక ఆయనే అన్నారు, 'ఆ రోజు నేను ఏడ్చింది ప్రైజు రానందుకు కాదమ్మా,' అని."

"మరెందుకట?" నేను, ఉమ, హాసిని ముగ్గురం ఒక్కసారే అన్నాం.

"నేనూ అదే అడిగాను. చెప్పబోయారు. ఇంతలో లోపల అల్లుడుగారు 'సెలవు' అన్నారు. చప్పట్లు వినపడ్డాయి. కనకయ్యగారు పరుగెత్తుకొచ్చి రెక్క పట్టుకుని లాక్కుపోయారు."

హాసిని అప్పటికే ఫోను తీసి పేజీ పైకీ కిందకీ జరుపుతోంది. "నాన్నా, యే తో కహీ నహీ లిఖా," అంది.

ఎక్కడా రాసి లేదట. ఎలా రాస్తారు? ఎవరు వింటే రాస్తారు?

అయినా నేను నా అభిప్రాయం మార్చుకోలేదు. ఆలోచించండి. ఆయనకు పన్నెండున్నరకే మైకు ఇచ్చి ఉంటే ఏమయ్యేది? వేదిక మీదే ఉండేవారు. అత్తయ్యగారి ప్రశ్నకు వందమంది ఎదుట మర్యాదగా తలూపి, అయి ఉండవచ్చునమ్మా అనేవారు. మా ఏడుగురి పుణ్యమా అని ఒక పెద్దాయన, ఒక పెద్దావిడ ఫిబ్రవరి ఎండలో ఒక బెంచీ మీద కూర్చుని మాట్లాడుకున్నారు. ఆ రోజు ఆ స్కూల్లో జరిగిన సన్మాన సభ అదొక్కటే. దానికి చోటిచ్చింది మేమే. వింటున్నారా?

మర్నాడు హాసిని ఆ పేజీలో జపాను తీసేసి రామచంద్రపురం అని రాసింది. గంట తిరక్కుండా ఎవరో మళ్లీ జపాను పెట్టి, మీ మాటకు ఆధారం చూపండి అన్నారట. ఆధారం మా హాల్లో కూర్చుని బచ్చలాకు తుంచుతోంది. దాన్ని పేజీలో ఎలా పెట్టడం? జపానుకు మాత్రం ఈసారి కొత్త ఆధారం కూడా చేర్చారు: మా మిత్రమండలి సన్మాన పత్రం ఫోటో. ఆ పత్రం రాసింది నేనే.

ఆ తర్వాత ఒక పొద్దున్న పూజ ముగించి, వెయ్యి నామాలూ చదివి, గంట కొట్టి లేవబోయి ఆగాను. పుట్టుక, అవతారాలు, పరాక్రమాలు, బిరుదులు. ఇన్నేళ్లుగా స్వామి గురించి స్వామికే చెబుతున్నాను. ఆయన ఎప్పుడైనా వేలెత్తాడా? ఎత్తితే నేనేం చేసి ఉంటాను? ఇంకో ఉద్ధరిణెడు నీళ్లు వదిలి ఉంటాను.

మెట్రోకి ఆలస్యమైతే అయిందని అయిదు నిమిషాలు ఊరికే కూర్చున్నాను. ఏమీ వినపడలేదు. వంటింట్లో అత్తయ్యగారు ఆవ నూరుతున్న చప్పుడు తప్ప.

లేచి వంటింటి గుమ్మం దగ్గరకు వెళ్లాను. "ఆ రోజు నేను అంతసేపు మాట్లాడి ఉండకూడదు అత్తయ్యగారూ," అన్నాను.

ఆవిడ పొత్రం ఆపి నా వైపు చూశారు.

"అదేంటండీ అల్లుడుగారూ! మీరు తక్కువ మాట్లాడారు. ఇంకో అయిదు నిమిషాలు సాగదీసి ఉంటే, ఎందుకు ఏడ్చాడో చెప్పేసేవాడు."